నాటుమడిలో నిలుచునే తీరు

నా కొడుకు పన్నెండేళ్లు ఎడారి దేశంలో గడ్డి కోసి వచ్చాడు. ఆ గడ్డి ఏ బర్రె మేతకూ కాదు. తెల్లవారకముందే నీటి ఫవ్వారాలు గిర్రున తిరుగుతూ దాన్ని తడిపేవట. పొద్దు పొడిచేసరికి ఆ ఇసుక నడుమ పచ్చదనం ఆవిరిలో తేలుతున్నట్టు ఉండేదట. దాని మీద పెద్దవాళ్లు తెల్లటి చిన్న బంతిని కర్రతో కొట్టి, దాని వెనకాల తీరిగ్గా నడుచుకుంటూ పోయేవారట. వాడు ఫోన్లో ఇవన్నీ చెబుతుంటే నాకు తట్టింది ఒకటే ప్రశ్న.

"కోసిన గడ్డి ఏం జేస్తర్రా?"

"పారేస్తరవ్వా."

"గన్ని నీళ్లు వోసి పెంచి పారేస్తరా?"

"గది ఆట కోసం పెంచిన గడ్డి అవ్వా. గోల్ఫు."

చాలా రోజులు ఆ గడ్డి నా కళ్లలో మెదిలింది. మధ్యాహ్నం పూట బీడీలు చుడుతూ కునుకు పడితే, ఒడిలోని చేట పచ్చగా కనిపించేది. తునికాకు, తంబాకు పోసుకునే ఆ చేట అంచుల దాకా లేత గడ్డి మొలిచి, దాని మీద ఎవరో మనుషులు నడుస్తూ ఉండేవారు. మెలకువ వచ్చాక వేళ్ల మధ్య సగం చుట్టిన బీడీ ఉండేది.

మాది కోరుట్ల. నేను నాలుగో తరగతి దాటలేదు. పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల ఇంట్లో. మెట్టింది ఇక్కడ, బీడీల ఇంట్లో. పెళ్లయిన ఏడాదే మా అత్త నా ఒళ్లో చేట పెట్టింది. కోడలు వచ్చాక నేను కోడలి ఒళ్లో పెట్టాను. మనుమరాలికి ఎవరూ పెట్టలేదు. అదే వచ్చి నా పక్కన కూర్చుని, చుట్టిన బీడీలను కట్టలు కట్టేది. బడి లేని రోజుల్లో కట్టనీ అనుకున్నాను. ఖాళీగా కూర్చునే పిల్లను చూస్తే నాకు గిట్టదు.

కొడుకు తిరిగి వచ్చి, జగిత్యాల రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలులో పచ్చిక చూసే పనిలో చేరాడు. వచ్చేటప్పుడు రెండు పాత గోల్ఫు కర్రలు, ఒక సంచెడు గీతలు పడ్డ బంతులు తెచ్చాడు. అక్కడివాళ్లు చెత్తలో వేయబోతే అడిగి తీసుకున్నాడట. పారేసేవాటిని తెచ్చుకున్నందుకు నేను వాణ్ని ఏమీ అనలేదు. మా ఇంట్లో సబ్బు ముక్క అరిగిపోయినా కొత్త సబ్బుకు అతికించి వాడతాం.

ఆ కర్రను మా మనుమరాలు పట్టుకుంది. అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. పొడుగ్గా ఎదిగిన పిల్ల. పెళ్లిళ్లు లేని రోజున హాలు పచ్చిక మీద తండ్రి చూపించినట్టు బంతిని కొట్టింది. ఠక్కుమని ఒక చిన్న చప్పుడు. బంతి లేచి, గాలిలో కాసేపు ఆగినట్టుండి, అవతలి గోడ దగ్గర మెత్తగా దిగింది. పిల్ల కర్రను భుజం మీద పెట్టుకుని, బంతి పోయిన దారినే చూస్తూ నిలబడిపోయింది. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు సిరిసిల్లలో మా నాన్న కొత్త పడుగు మగ్గానికి ఎక్కించి, ఆ దారాల వంక అలాగే చూసేవాడు.

కొన్నాళ్లకు నా కొడుక్కి ఫోన్లో ఒక సంగతి తెలిసింది. హైదరాబాదులో ఆ ఆట నేర్పే చోటి నుంచి ఒక కోచ్ మేడం జిల్లాలు తిరుగుతోందట. నలుగురు ఆడపిల్లలను తీసుకుంటుందట. ఉండటం, తిండి, చదువు అంతా వాళ్లదేనట. ఆ చివరి మాట విన్నాక నేను కూడా జగిత్యాల బస్సెక్కాను.

ఒక బడి మైదానంలో పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి, కర్రలిచ్చి, ఆ మేడం ఒక్కొక్కరినే చూసింది. మధ్యాహ్నానికి ముగ్గురిని తీసుకుంది. మా పిల్ల దగ్గర చాలాసేపు ఆగింది.

"చేతులు బాగున్నాయి. పోశ్చర్ లేదు" అంది.

నాకు పోస్టర్ అని వినపడింది. "పోస్టర్ లేకుంటె ఏమైతదమ్మా, ఫొటోలు తెచ్చినం గదా" అన్నాను.

"బాపమ్మా, నువ్వూకో జెర" అంది పిల్ల, తల పైకెత్తకుండానే.

మేడం నవ్వింది. పిల్ల వీపు వెనక నిలబడి, రెండు రెక్కల మధ్య వేలు పెట్టి నాకు చూపించింది.

"నిలబడే తీరమ్మా నేను చెప్పేది. ఇక్కడ వీపు గూడు కట్టింది చూడండి. ఇలా నిలబడితే భుజాలు తిరగవు. బలమంతా నడుము మీద పడుతుంది. రెండేళ్లు ఆడేసరికి నడుం పోతుంది." తర్వాత కొడుకు వైపు తిరిగి, తనే కర్ర పట్టి నిలబడి చూపిస్తూ ఇంగ్లీషులో ఏదో చెప్పింది. వాడు తల ఊపాడు. వెళ్లేముందు మళ్లీ మాకందరికీ అర్థమయ్యేలా చెప్పింది. "నాలుగో సీటు ఆపి పెడతాను. నలభై రోజులకు సిరిసిల్ల వస్తాను. అప్పటికి నిలబడటం వస్తే తీసుకుంటాను. బంతి ఎంత దూరం పోయిందో నేను చూడను."

తిరుగు బస్సులో పిల్ల కిటికీ వైపు కూర్చుంది. మెల్లగా అంది.

"బాపమ్మా, నాకు చాట ముందల కూసోబుద్ధి అయితలేదు. గీ సీటు రాకుంటె గదే గతి గదా."

నేను దాని వీపు చూస్తున్నాను. మెడ కింద మొదలై రెక్కల దాకా వచ్చిన ఆ వంపు నాకు కొత్తది కాదు. మా అత్తకు ఉండేది. నాకు ఉంది. కోడలికి వస్తోంది. దీనికి మాత్రం ఎవరూ చేట ఇవ్వలేదనే అనుకుంటూ వచ్చాను. పక్కన కూర్చోబెట్టుకున్నది నేను కాదా? పొడుగ్గా ఎదుగుతుంటే వీధిలో తల దించుకుని నడవమని వెంటపడి చెప్పింది నేను కాదా? బస్సు ఊగుతుంటే బయట చెరుకు తోటలు వెనక్కి పోతున్నాయి. నాకు ఆ వీపు మీద చేయి వేయాలనిపించింది. వేయలేదు.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు. ఫంక్షన్ హాలుకు తాళం, పచ్చికంతా మాదే. కాలేజీ నుంచి రాగానే పిల్ల కర్ర పట్టేది. కొడుకు ఎదురుగా నిలబడి అదే మాట చెప్పేవాడు.

"నడుం వంచు బిడ్డా."

పిల్ల వంచేది.

"ఇంకింత వంచు. మేడం గదే చెప్పింది. ఆడ దుబాయిల సూపర్‌వైజర్ గూడ గదే చెప్పేటోడు, కమర్ సే ఝుకో అని."

పిల్ల ఇంకా వంచేది. వంచినకొద్దీ గూడు పెద్దదయ్యేది. గడ్డం ఛాతీకి తగిలేది.

"తల లేపు మరి. గడ్డం కిందికెల్లి భుజం పోవాలె."

"పుట్టిన కాన్నుంచి బాపమ్మ తల దించుకొమ్మన్నది. ఇయ్యాల నువ్వు లేపుమంటున్నవ్. ఇద్దరు గల్సి ఒక మాట మీదికి రార్రి" అనేది పిల్ల.

నాకొక ఉపాయం తోచింది. చినిగిన చీరల అంచులు నేను పారేయను. ఇంట్లో ఉన్న వెదురు కర్ర ఒకటి పిల్ల మెడ నుంచి నడుం కిందికి ఆనించి, ఆ అంచులతో గట్టిగా కట్టాను. వీపు నిలబడింది కానీ మనిషి నిలబడలేదు. కర్ర పైకెత్తి తిప్పబోయి, చేనులో దిష్టిబొమ్మ ఒరిగినట్టు పక్కకు ఒరిగి కూలబడింది. కొడుకు నవ్వాడు. నేనూ నవ్వాను. పిల్ల నవ్వలేదు.

మర్నాటికి నడుం పట్టేసింది. మూడు రోజులు చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఏమడిగినా ఊఁ అనడమే. మూడో రోజు కొడుకు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"ఇడిసిపెడుదామవ్వా. పిల్ల పానం మీదికి తెచ్చుడెందుకు? ఆట మనకు రాసిలేదు."

"ఇంక పద్దెనిమిది రోజులున్నయి గదరా."

"రోజులున్నయే. వీపేది?"

ఆ సమయంలోనే బుగ్గారం నుంచి మా చెల్లె ఫోను చేసింది. వాళ్లకు ఎకరం పొలం ఉంది. "నారు ముదురుతుందక్కా. నాటేసేటోళ్లు దొరుకుతలేరు. బిహారోళ్లు వచ్చే వారం అంటున్నరు. నువ్వు వంగకు గాని, వచ్చి ఒడ్డు మీద కూసోని నారు కట్టలందియ్యి" అంది. నొప్పి తగ్గాక కూడా పిల్లను గోడ వైపు పడుకోనిస్తే ఇక లేవదని నాకు భయం వేసింది. లేపి వెంట తీసుకుపోయాను. ఎందుకని అది అడగలేదు.

మేం వెళ్లిన రోజు వాన వెలిసి ఉంది. దున్నిన మడి నిండా సన్నటి నీరు. ఆకాశం మొత్తం దిగి వచ్చి ఆ బురదలో పరుచుకుని ఉంది. చెల్లె బదులు పనికి పిలుచుకున్న ఆడవాళ్లు ఏడెనిమిది మంది వరుసగా మబ్బుల్లో నిలబడి, మబ్బుల్లోకే చేతులు పెట్టి, ఒక్కో మొలకను దింపి వెనక్కి జరుగుతున్నారు. ఎవరో సన్నగా పాడుతున్నారు. వాళ్లు జరిగిన చోటల్లా ఆకాశం మీద పచ్చటి చుక్కలు మిగులుతున్నాయి. నేను ఒడ్డు మీద కూర్చుని, చేతిలోని నారు కట్టను అందించడం మరిచి అలాగే చూశాను. ఎంతసేపో తెలియదు.

పక్క నుంచి చూస్తున్నందువల్ల కావచ్చు, అప్పుడు కనిపించింది. ఏడెనిమిది వీపుల్లో ఒక్కటి కూడా గుండ్రంగా లేదు. పీట వాల్చినట్టు చక్కగా వాలి ఉన్నాయి. మోకాళ్లు కొద్దిగా మడిచి ఉన్నాయి. చేతులు భుజాల నుంచి సూటిగా నీళ్లలోకి వేలాడుతున్నాయి. జగిత్యాలలో ఆ మేడం తను నిలబడి చూపించిన తీరు అచ్చం ఇదే.

మా చెల్లె ఒడ్డు దగ్గరికి వచ్చినప్పుడు అడిగాను.

"పొద్దంత వంగుతవ్ గదా చెల్లె, నడుం ఇరుగదా?"

"నడుమెందుకు ఇరుగుతది? నేను నడుం వంచితెనా?"

"మరేం వంచినవ్?"

చెల్లె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. బురద చేత్తో తొడ పైన, కాలు మొదలయ్యే చోట చరుచుకుంది. చీర మీద అయిదు వేళ్లూ అచ్చు పడ్డాయి.

"తుంటి కాడ మడువాలె. నడుం వంచి నాటేసేది కొత్త కోడలు. పొద్దూకెవరకు మంచం పడతది. నువ్వు కూసోని బీడీలు చుట్టెదానివి, నీకేం ఎరుక?"

వరుసలోని ఆడవాళ్లు నవ్వారు. నాకు కోపం రాలేదు. నిజమే, నాకేం ఎరుక. మా పనిలో మడిచేది నడుమే. మేం వంగడమంటే నడుం వంచడమే అనుకున్నాం. నా కొడుకు ఆ మాటను దుబాయిలో హిందీలో విన్నాడు, జగిత్యాలలో ఇంగ్లీషులో విన్నాడు. మూడు భాషలు దాటి ఇంటికి వచ్చేసరికి తుంటి కాస్తా నడుమైంది.

"దిగు" అన్నాను పిల్లతో.

"నాకు రాదు బాపమ్మా."

"రాదు గాబట్టే దిగుమంటున్న."

చెప్పులు విడిచి, చుడీదారు మోకాళ్ల పైకి మడిచి దిగింది. మొదటి అడుగుకే వెనక్కి పడింది. నీళ్లలోని మబ్బు చెల్లాచెదురైంది.

"మడిమెల మీద బరువేస్తె ఎనుకకు వడుతవ్" అంది చెల్లె. లేచి మళ్లీ నిలబడి, ఈసారి ముందుకు తూలింది. "ఏళ్ల మీద వేస్తె ముంగటికి వడుతవ్. అరికాలు నడుమ నిలవడు. కాళ్లు జెర ఎడం బెట్టు. మోకాళ్లు బిగవట్టకు, బురద మింగుతది."

"అవ్వో, కాలేజీ పిల్లకు నిలవడుడు గూడ నేర్పాలెనా?" అంది పక్కనున్నామె.

"నిలవడుడు వస్తెనే సీటంట అత్తా" అంది పిల్ల. చాలా రోజులకు దాని గొంతులో నవ్వు విన్నాను.

చెల్లె మడి అయ్యాక ఆ బదులు వాళ్ల మడుల్లోనూ కలిపి మూడు రోజులు నాటేసింది. మొదటి రోజు ఎక్కువసేపు పడటమే. రెండో రోజు వరుసకు వెనకబడింది. మూడో రోజు సాయంత్రం పొద్దు మడి మీద ఎర్రగా కరుగుతుంటే, నేను నారు కట్ట పట్టుకుని బురదలోకి దిగాను. దాని దగ్గరికి పోయి, ఏదో అవసరం ఉన్నట్టు వీపు మీద చేయి ఆనించాను. అరచేయి మొత్తం ఆనింది. గూడు తగల్లేదు. తడిసిన బట్ట కింద వేడిగా, పలకలా ఉంది ఆ వీపు. లోపల ఊపిరి వచ్చి పోవడం కూడా నా చేతికి తెలిసింది.

"ఏంది బాపమ్మా?"

"నారు వంకర పోతుంది. సక్కగ నాటు" అన్నాను.

కోరుట్ల వచ్చాక కొడుకుకు చెప్పాను, నడుం అనే మాట ఇక ఎత్తవద్దని. వాడు పచ్చిక మీద తనే నిలబడి, తుంటి మీద చేతులు పెట్టుకుని మడిచి చూసుకున్నాడు.

"పన్నెండేండ్లు గా మాటను తప్పుగ మోసుకచ్చిన్నా అవ్వా" అన్నాడు.

"ఇయ్యాల దించినవ్ గదా. పిల్లకు చెప్పు."

మిగిలిన రోజులు పిల్ల బంతి కొట్టడం కంటే నిలబడటమే ఎక్కువ చేసింది. హాలు అద్దం తలుపుల్లో తనను తాను పక్క నుంచి చూసుకునేది. ఒక్కోసారి కుదిరేది. కుదిరినప్పుడు కర్ర తిరిగిన చప్పుడు కూడా వేరుగా ఉండేది, గడ్డిని నిమిరినట్టు. ఒక్కోసారి మళ్లీ పాత గూడు లేచేది. నేను ఏమీ అనకుండా దగ్గి ఊరుకునేదాన్ని.

సిరిసిల్ల పోయిన రోజు ముసురు పట్టింది. మేం దిగిన వీధిలో మరమగ్గాల చప్పుడు తడి గాలిలో మెత్తగా, ఊరంతా నిద్రలో గురక పెడుతున్నట్టు వినబడుతోంది. బడి మైదానంలో మేడం, ఇంకో పది మంది పిల్లలు. నాలుగో సీటు ఒక్కటే. మా పిల్ల వంతు రావడానికి గంట పట్టింది. ఆ గంటసేపు కొడుకు అరచేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

పిల్ల వెళ్లి నిలబడింది. కొత్త బూట్లు వేసుకుంది, తండ్రి ఎక్కడో అడిగి తెచ్చినవి. చుట్టూ అందరూ చూస్తున్నారు. నా కళ్ల ముందే భుజాలు ముందుకు వచ్చాయి, తల దిగింది, గూడు లేచింది. బంతి నేల మీదే పక్కకు దొర్లిపోయింది. రెండోది కూడా అంతే. మేడం ఏదో రాసుకుంది. కొడుకు కళ్లు మూసుకున్నాడు.

నలుగురిలో గట్టిగా మాట్లాడటం నాకు అలవాటు లేదు. అయినా లేచాను.

"బూట్లు ఇడువు బిడ్డా. మడిల దిగు."

పిల్ల నా వైపు చూసింది. మేడం కూడా చూసింది. "బూట్లు లేకుండా ఆడొచ్చా మేడం?" అని అడిగింది పిల్ల. ఆమె కొంచెం ఆలోచించి సరే అంది. పిల్ల వంగి బూట్లు విప్పి పక్కన పెట్టింది. తడిసిన మట్టి మీద పాదాలు ఎడం పెట్టి, అటూ ఇటూ ఒకసారి ఊగి, బరువును అరికాలి నడుమకు తెచ్చుకుంది. మోకాళ్లు వదులైనాయి. తుంటి దగ్గర మడిచింది. చేతులు వేలాడాయి. సన్నటి జల్లు పడుతోంది. ఒక్క క్షణం నాకు ఆ మైదానం కనిపించలేదు. పిల్ల పాదాల కింద నీళ్లూ మబ్బులూ కనిపించాయి.

"అలాగే ఉండు" అంది మేడం. దగ్గరికి వచ్చి తన చేతి కర్రను పిల్ల వెన్ను పొడవునా ఆనించింది. తల వెనక తగిలింది. రెక్కల మధ్య తగిలింది. వెన్ను చివర తగిలింది. చుట్టూ తిరిగి ఇంకోసారి చూసింది.

"ఇప్పుడు కొట్టు."

కొట్టింది. బంతి లేచింది కానీ ఎక్కువ దూరం పోలేదు. మేడం బంతి వైపు తలే తిప్పలేదు.

"ఈ నలభై రోజులు ఎవరు నేర్పారు?"

"నాటేయంగ వచ్చింది మేడం."

"నాటు అంటే వరి నాటేనా?"

"అవును మేడం. బుగ్గారంల, మా బాపమ్మ చెల్లె దగ్గర."

మేడం చేతిలోని కాగితం మడిచింది. "సోమవారం కాక పై సోమవారం తీసుకురండి. దుప్పటి ఒకటి వెంట తెచ్చుకోవాలి" అంది.

"దుప్పటి గూడ మీదే అనుకున్న" అన్నాను నేను. కొడుకు నా మోచేయి నొక్కాడు.

బస్సులో పిల్ల నా పక్కన కూర్చుంది. మొదట చాలా మాట్లాడింది. అక్కడ ఎన్ని గంటలకు లేపుతారో, ఆ పచ్చిక దుబాయి పచ్చిక అంత ఉంటుందో లేదో. కొడుకు ముందు సీటు నుంచి జవాబులు చెప్పాడు. చందుర్తి దాటాక మాటలు తగ్గాయి. రోడ్డుకు రెండు వైపులా నాటిన మడులు తడి వెలుగులో ఊగుతూ ఉన్నాయి. పిల్ల కళ్లు వాలిపోయాయి. భుజాలు ముందుకు పడి, వీపు మళ్లీ గుండ్రంగా ముడుచుకుని, తల నా భుజం మీదికి వచ్చింది.

సక్కగ కూసో అనే మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను. దాని తల జారిపోకుండా, కోరుట్ల వచ్చేవరకు నేనే నిటారుగా కూర్చున్నాను.